ట్రాక్టరు మొక్కు

ముత్యానికి పదకొండేళ్ళుగా ఒక సందేహం ఉంది. అబద్ధంలో సాయం చేసిన దేవుడికి కొబ్బరికాయ కొట్టవచ్చా, కొట్టకూడదా?

సంగతి ఏమిటంటే, పదకొండేళ్ళ కిందట ముత్యం జగిత్యాలలో ఒక ఏజెంటును పట్టుకుని ఖతార్ వీసా సంపాదించాడు. దాని మీద ట్రాక్టర్ డ్రైవర్ అని ఉంది. ముత్యానికి ఎడ్లు తెలుసు, బర్లు తెలుసు, మేకలు తెలుసు. ట్రాక్టరంటే పక్కవాళ్ళ చేనులో దుమ్ము లేపేది అని మాత్రమే తెలుసు. "ఏమన్న అడిగితే తలకాయ ఊపు, అయిపోతది" అని ఏజెంటు ధైర్యం చెప్పి పంపాడు. తీరా హైదరాబాదు శివారులోని పరీక్ష మైదానానికి వెళితే, అక్కడ నిజం ట్రాక్టరే నిలబెట్టి ఉంది. ఎక్కి నడపమన్నారు. తన వంతు వచ్చేసరికి ముత్యం కళ్ళు మూసుకుని వేములవాడ రాజన్నకు మొక్కాడు. ఈ బండి స్టార్టు కాకుండా చూడు తండ్రీ, నీకో కొబ్బరికాయ కొడతానన్నాడు. తాళం తిప్పాడు. బండి రెండుసార్లు దగ్గి ఊరుకుంది. బ్యాటరీ అయిపోయిందన్నారు. పరీక్ష పెట్టే పెద్దమనిషికి భోజనం వేళయింది. ముత్యంతో సహా మిగిలిన వాళ్ళందరినీ ట్రాక్టరు మీద కూర్చోబెట్టి ఫొటోలు తీసి పాస్ చేసేశారు.

కాయ బాకీ పడింది. రెండేళ్ళకోసారి సెలవు మీద ఊరికి పోయినప్పుడల్లా ముత్యం వేములవాడ వెళతాడు, దర్శనం చేసుకుంటాడు, కాయల దుకాణం దాకా వచ్చి ఆగిపోతాడు. కొడితే ఆ అబద్ధంలో రాజన్నకూ వాటా ఉందని ఒప్పుకున్నట్టు. కొట్టకపోతే ఇచ్చిన మాట తప్పినట్టు. "గింత దూరమొచ్చి ఒక్క కాయ కొట్టకపోతే ఎట్లనయ్యా?" అని భార్య గౌరవ్వ ప్రతిసారీ అడుగుతుంది. మళ్ళీ వచ్చినప్పుడు కొడదామంటాడు. అసలు సంగతి ఆమెకూ చెప్పలేదు.

ఖతార్‌లో దిగిన రోజు నుంచీ అతని కొలువు అల్ షహానియాలో ఒక ఒంటెల ఫారంలోనే. యజమాని డెబ్బై దాటిన పెద్దాయన. అందరూ బాబా అంటారు. మొదటి రోజే బాబా అతన్ని ఒంటెల దొడ్డికి తీసుకుపోయి గడ్డి ఎక్కడుందో చూపించాడు. ట్రాక్టరు ఎక్కడుందో చూపించలేదు. ముత్యం అడగలేదు. అడిగితే నడపమంటాడేమోనని భయం. ఫారంలో ట్రాక్టరే లేదని వారం తర్వాత తెలిసి, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. ప్రతి బక్రీదుకూ బాబా మిగతా పనివాళ్ళకు తెలియకుండా ఒక మేక తొడ ముత్యం గదికి పంపేవాడు. ఎంత మంచి మనిషో అనుకునేవాడు ముత్యం. అలాంటి మనిషిని మోసం చేస్తున్నానే అని తొడ వండుకున్న రోజల్లా దిగులుపడేవాడు.

ఇప్పుడు కూతురు సుహాసిని కరీంనగర్‌లో నర్సింగు రెండో ఏడు చదువుతోంది. ఇంకో రెండేళ్ళు ఈ కొలువు నిలిస్తే చాలు. ఆ తర్వాత అబద్ధం బయటపడినా ఫర్వాలేదనుకున్నాడు.

ఆ రోజు పొద్దున అతని పని పెద్దదేం కాదు. రీమ్ అనే మూడేళ్ళ ఆడ ఒంటె ముందు కాలికి మందు రాయాలి, పది గంటలకు గౌరవ్వకు ఫోను చేయాలి. మందు డబ్బా మూత తీశాడో లేదో, దోహా ఆఫీసు నుంచి జడ్సన్ కారు దిగాడు. జడ్సన్‌ది రాజోలు. ముప్పై ఏళ్ళవాడు. బాబా వ్యాపారం ఆఫీసులో క్లర్కుగా చేరి ఏడు నెలలయింది.

"ముత్యంగారూ, మీ పంట పండిందండి. బాబా చిన్న ట్రాక్టరొకటి కొంటున్నారు. తారు రోడ్డు నుంచి మన గేటు దాకా దారి మీద ఇసుక మేట వేస్తోంది కదా, అది తీయడానికి. ఏ ట్రాక్టరో, దానికి ఏం తగిలించాలో మిమ్మల్నే ఎంచమన్నారు."

"నన్నా? నన్నెందుకు సారూ?"

"మీ గుర్తింపు కార్డు మీద ట్రాక్టర్ డ్రైవరని ఉంది కదండి. ఈ ఫారం మొత్తమ్మీద ట్రాక్టరు సంగతి తెలిసినవారు మీరొక్కరేనంట."

ముత్యం చేతిలోని మందు డబ్బా జారి ఇసుకలో పడింది. రీమ్ దాన్ని వాసన చూసి ముఖం తిప్పుకుంది.

కొనడానికి వెళ్ళాల్సింది రెండు రోజుల్లో. గడ్డి కొట్టు వెనక కూర్చుని, ఫోనులో చిన్న ట్రాక్టర్ల వీడియోలు ఒక్కొక్కటే చూశాడు. భాష తెలియదు గనుక సౌండు తీసేశాడు. ముందు తొట్టి తగిలించిన ట్రాక్టరు ఉంది. తొట్టిని దించాలి, ఇసుక నింపాలి, ఎత్తాలి, వంచాలి, చేతులు నాలుగు చాలవు. వెనక బ్లేడు తగిలించినది ఉంది. ఎంత లోతున దించాలో, ఏ కోణంలో తిప్పాలో అదొక విద్య. ఇలాంటి విద్య లేనివాడు ఎక్కితే మొదటి నిమిషంలోనే దొరికిపోతాడు. అతను వెతుకుతున్నది ఇసుక తీసే యంత్రం కాదు, తన సంగతి బయటపెట్టని యంత్రం.

పదహారో వీడియోలో అది దొరికింది. ఒక ఇంటి ముందు పొడుగాటి దారి, దాని మీద మోకాలి లోతున తెల్లటి ఇసుక. ట్రాక్టరు ముందు భాగంలో గిరగిరా తిరిగే పెద్ద మర ఆ ఇసుకను మింగి, బాతు మెడలాంటి గొట్టంలోంచి ముప్పై అడుగుల దూరం విసిరేస్తోంది. డ్రైవరు ఏమీ చేయడం లేదు. ఒక చేత్తో టీ తాగుతూ తిన్నగా పోతున్నాడు. పక్కన నిలబడ్డవాళ్ళు తలలకు గుడ్డలు చుట్టుకుని, కళ్ళజోళ్ళు, చేతులకు తొడుగులు వేసుకున్నారు. ఇసుక గాలి రోజున ముత్యం వాళ్ళు చుట్టుకునేదీ అలాగే. ఇసుక మరీ అంత తెల్లగా ఉందేమిటనుకున్నాడు గానీ, మిట్టమధ్యాహ్నం ఫారం వెనక దిబ్బలు కూడా కళ్ళు మిరుమిట్లు గొలిపేలాగే ఉంటాయి కదా. చెట్లకు ఒక్క ఆకు లేదు. నీళ్ళు లేనిచోట ఆకులెక్కడివి అని జాలిపడి, ఫొటో తీసి దాచుకున్నాడు.

దోహా పారిశ్రామికవాడ సనయ్యాలోని ట్రాక్టర్ల దుకాణంలో అమ్మేవాడి పేరు ఫరీదుద్దీన్. హైదరాబాదు యాకుత్‌పురా మనిషి, తెలుగు వచ్చు. ముందుగా బలం ఎంత కావాలో అడిగాడు. జడ్సన్ కొద్దిగా దగ్గి, మూడొందల మీటర్ల దారికి పాతిక గుర్రాల బలం సరిపోతుందేమో, నాలుగు చక్రాలకూ పట్టు ఉన్నదైతే ఇసుకలో కూరుకుపోదేమో, వెనక బ్లేడు చాలేమో అన్నాడు. అని, మళ్ళీ ముత్యం వైపు చూసి, తెలిసినవారు మీరుండగా నేనెందుకులెండి అని వెనక్కి తగ్గాడు.

ముత్యం ఫోను తీసి ఫొటో చూపించాడు.

ఫరీదుద్దీన్ ఫొటో చూశాడు. ముత్యాన్ని చూశాడు. జడ్సన్‌ను చూశాడు. ఇద్దరినీ కొట్టు వెనక్కి తీసుకుపోయి, ఒక మూల టార్పాలిన్ లాగాడు. అచ్చు అదే మర. నాలుగేళ్ళ కిందట ఎవరి కంటెయినర్లోనో పోవలసింది పొరపాటున ఇక్కడ దిగిందట. దానికి జతైన ట్రాక్టరు కూడా అద్దాల క్యాబిన్‌తో సహా పక్కనే దుమ్ము పట్టి ఉంది.

"భాయ్, మీ కోసమే ఉన్నట్టుంది ఇది. ఒక్క మాట అడుగుతా. మీరు తెలిసిన డ్రైవరే కదా?"

ముత్యం టార్పాలిన్ మడతలు సర్దాడు. జడ్సనే అతని జేబులోంచి కార్డు తీసి చూపించాడు.

"అయితే నేను చెప్పెటిదేముంది" అన్నాడు ఫరీదుద్దీన్, బరువు దిగినవాడిలా.

"బ్లేడైతే సగం ధరకే వస్తుందండి" అని జడ్సన్ చివరిసారిగా గొణిగాడు.

"బ్లేడు పాత పద్ధతి సారూ. ఇప్పుడందరు గిదే వాడుతున్నరు" అన్నాడు ముత్యం.

అన్నాక అతనికే భయమేసింది. పదకొండేళ్ళుగా కార్డు మీద మాత్రమే ఉన్న అబద్ధం ఇవాళ నోట్లోకి వచ్చింది. ఫరీదుద్దీన్ సంతోషం పట్టలేక చక్రాలకు చుట్టే లావాటి ఇనుప గొలుసులు నాలుగు ఉచితంగా పడేశాడు. బండిని దొంగలెత్తుకుపోకుండా కట్టేయడానికి కాబోలు అనుకున్నాడు ముత్యం. బిల్లు కాగితం మీద జడ్సన్ సంతకం పెట్టాడు.

జడ్సన్ మంచివాడు, అందుకే పని ఇంకా చెడింది. ముత్యంగారు చూడగానే బ్లేడు పాతదని తేల్చేశారండి, దుకాణంవాడే నోరు మూశాడండి అని బాబాకు చెప్పాడు. బాబా ముఖం విప్పారింది. బండి రాగానే అందరి ముందూ నడిపించి చూడాలన్నాడు. ఇద్దరు అతిథులను కూడా పిలుస్తానన్నాడు.

గురువారం బండి వచ్చింది. వెంటనే ఎక్కమంటారని ముత్యం వణికిపోయి, కొత్త బండిని సోమవారం దాకా ముట్టుకోకూడదని, అది తమ దిక్కు ఆచారమని చెప్పాడు. అలాంటి ఆచారం ఏ దిక్కునా లేదు. బాబా దాన్ని గౌరవించి, బండి చుట్టూ తాడు కట్టించాడు. మూడు రోజులు ముత్యం ఆ తాడు బయట తిరుగుతూ, లోపలున్న పెడళ్ళను అద్దంలోంచి చూసి వీడియోతో పోల్చుకున్నాడు. కుడిది ముందుకు, పక్కది ఆగడానికి. ఇంతే అయితే మనిషి బతకొచ్చు అనిపించింది. ఆ మూడు రోజులూ అన్నం సహించలేదు.

సోమవారం పొద్దున దారి పక్కన గుడారం వేసి, తివాచీలు పరిచి, గావా కాఫీ, ఖర్జూరాలు పెట్టారు. బాబా పక్కన పొడుగాటి తెల్లటి తోబులు వేసుకున్న ఇద్దరు అతిథులు కూర్చున్నారు. ముత్యం స్నానం చేసి, గదిలో రాజన్న పటానికి దండం పెట్టుకుని వచ్చేసరికి, జడ్సన్ ట్రాక్టరు పక్కన నిలబడి దాంతో వచ్చిన పుస్తకం తిరగేస్తున్నాడు. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ముత్యంగారూ, ఇది ఇసుకది కాదండి. మంచుది."

"మంచంటే? పొద్దుగాల గడ్డి మీద పడేదా?"

"కాదండీ. కాశ్మీరులో పడేది."

పుస్తకం అట్ట మీద అదే దారి, అదే తెల్లదనం. ఇంటి ముందు తెల్లటి బొమ్మమనిషికి ముక్కుగా క్యారెట్టు గుచ్చారు. ఇసుకతో అలాంటి బొమ్మ చేయగలరా అని ముత్యం ఒక్క క్షణం ఆలోచించాడు. ఆకుల్లేని చెట్లు గుర్తొచ్చాయి. అట్ట మీది ట్రాక్టరు చక్రాలకు అవే ఇనుప గొలుసులు చుట్టి ఉన్నాయి.

"సంతకం నాదండి. చేరి ఏడు నెలలే అయింది" అన్నాడు జడ్సన్ సన్నగా. "యేసయ్య మీద భారం వేశాను. మీరెలాగో నడిపేయండి. తెలిసినవారు కదా."

"సారూ, నేను..." అని మొదలుపెట్టాడు ముత్యం. అప్పుడే గుడారంలోంచి బాబా "యల్లా" అని, ఇక కానివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు.

క్యాబిన్ ఎక్కి తలుపు వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. రాజన్నా, ఆనాటిలాగే ఈ బండిని కూడా స్టార్టు కానీయకు, ఇంకో కాయ కొడతా అనబోయి, మొదటిదే ఇంకా ఇవ్వలేదని జ్ఞాపకం వచ్చి నాలుక కరచుకున్నాడు. పాతది తీర్చకుండా కొత్తది ఏ ముఖంతో అడగడం? అయినా అడిగాడు. తాళం తిప్పాడు.

బండి మొదటిసారికే ఉరుములా స్టార్టయింది.

దాంతోపాటు పాదాల దగ్గర నుంచి, ముఖం ముందు నుంచి, వీపు వెనక నుంచి వేడిగాలి కొట్టడం మొదలైంది. ఏసీ ఇంకా చల్లబడలేదనుకున్నాడు. అది మంచు దేశాల డ్రైవరు వెచ్చగా ఉండడానికి పెట్టిన హీటరు. ఎక్కడ ఆపాలో తెలియదు. చెమట కళ్ళలోకి కారుతుండగా కుడి పెడల్ నొక్కాడు. బండి కదిలింది. ముందున్న మర గిర్రున తిరిగి ఇసుకను మింగింది.

నిజం చెప్పాలంటే, అది చాలా బాగా పనిచేసింది. మంచుకూ ఇసుకకూ తేడా తనకూ తెలియదన్నట్టు మింగి, బాతు మెడలోంచి పసుపుపచ్చ ధారగా ఎత్తి విసిరింది. ఆ మెడ గుడారం వైపు తిరిగి ఉందన్న సంగతి ముత్యం చూసుకోలేదు. చూసేసరికి గుడారంలో బాబా లేడు, అతిథులు లేరు, ఖర్జూరాల పళ్ళెం లేదు. ఒక ఇసుక మేఘం మాత్రం ఉంది. అందులోంచి దగ్గులు వినిపించాయి.

చేతికందిన కడ్డీ లాగాడు. మెడ గుడారాన్ని వదిలి, మెల్లగా, తాపీగా తిరిగి ఒంటెల దొడ్డి మీదికి గురిపెట్టింది. రీమ్ ఒక్క గంతులో దొడ్డి దూకి తారు రోడ్డు వైపు పరుగెత్తింది. రోడ్డు మీద లారీలు.

అంతే, ముత్యానికి ట్రాక్టరు గుర్తులేదు. కార్డు గుర్తులేదు. తలుపు తోసుకుని దూకేశాడు. ఎదురుగా పోతే ఒంటె బెదురుతుందని తెలుసు గనుక, దూరంగా అర్ధచంద్రంలా చుట్టి, రోడ్డుకూ దానికీ మధ్యలోకి చేరి నిలబడ్డాడు. "ఆగు బిడ్డా, రీమూ, నేనే. ఏం లేదు, ఏం లేదు." రోజూ మందు రాసేటప్పుడు తీసే కూనిరాగం తీశాడు. రీమ్ రెండుసార్లు నేల తన్ని, ముక్కు ఎగబీల్చి, వచ్చి అతని భుజం మీద తల వాల్చింది. గుండె దానిదీ ఇతనిదీ ఒక్కలాగే కొట్టుకుంటోంది. వెనక డ్రైవరు లేని ట్రాక్టరు నింపాదిగా పోయి గడ్డివాములో ముఖం దూర్చి, లోపలేదో పిన్ను విరిగి ఆగింది.

ఇద్దరు అతిథులు ఇసుక దులుపుకుంటూ ఇతని దగ్గరికే వచ్చారు. పెద్దవాడు కనురెప్పలు తుడుచుకుని, జేబులోంచి చిన్న పుస్తకం తీసి, హిందీలో అడిగాడు, ట్రాక్టర్ డ్రైవరు నువ్వేనా అని.

వాళ్ళ వెనక బాబా నిలబడి ఉన్నాడు. నెత్తిన గుడ్డ జారిపోయింది, గడ్డం నిండా ఇసుక. సుహాసిని ఫీజు గుర్తొచ్చింది. ఔనంటే ఇంకా రెండేళ్ళు గడవచ్చేమో. కానీ భుజం మీద ఒంటె తల బరువుగా ఉంది. అంత బరువు మోస్తూ ఇంకొకటి మోయడం అతనివల్ల కాలేదు.

"నహీ సాబ్" అన్నాడు. "నాకు ట్రాక్టరు రాదు. ఎన్నడు నడపలె. ఇయ్యాలే ఎక్కిన."

వచ్చీరాని హిందీలో అంతా చెప్పేశాడు. ఏజెంటు, మైదానం, దగ్గిన బ్యాటరీ, ఫొటో. కాయ సంగతి ఒక్కటే చెప్పలేదు. అది తనకూ రాజన్నకూ మధ్యది. చెప్పాక బాబా కోపం కోసం ఎదురుచూశాడు. బాబా ముఖంలో కోపం లేదు. ఆ పెద్దాయన ముఖం పాలిపోయి, ఉన్నచోటనే ఇసుకలో కూర్చుండిపోయాడు.

జడ్సన్ ముత్యం చెవిలో గొణిగాడు. "వీళ్ళు అతిథులు కాదండి. తనిఖీవాళ్ళు. కార్డు మీద రాసిన పనే చేయిస్తున్నారో లేదో చూడటానికి వచ్చారు. నాకూ ఇప్పుడే చెప్పారు."

పెద్ద తనిఖీదారు ముత్యాన్ని చూశాడు, భుజం మీది ఒంటెను చూశాడు, గడ్డివాములో ఉన్న ట్రాక్టరును చూశాడు. ఈ మనిషి పదకొండేళ్ళుగా చేస్తున్న పనేమిటని బాబాను అడిగాడు. ఒంటెల పనేనని బాబా తల వంచుకుని ఒప్పుకున్నాడు. నెల రోజుల్లో కార్డు మీద అదే రాయించమని పుస్తకంలో ఏదో రాసి, ఇసుక లేని గావా ఏమైనా ఉంటే ఒక కప్పు ఇప్పించమన్నాడు. తాగి, మాఫీ ముష్కిల్, ఏం ఫర్వాలేదని బాబా భుజం తట్టి, రెండోవాడితో కలిసి వెళ్ళిపోయాడు.

బాబా అప్పుడు నోరు విప్పాడు. పదకొండేళ్ళ కిందట ఒంటెల కాపరి వీసాలు అయిపోయి, ట్రాక్టర్ డ్రైవరుది ఒక్కటే మిగిలిందట. పశువులు తెలిసిన మనిషైతే చాలు, ట్రాక్టరు రాకపోయినా ఫర్వాలేదని ఏజెంటుకు ఆయనే చెప్పాడట. ఏజెంటు ఆ మాట తనలోనే దాచుకున్నాడు. తీరా పరీక్ష పాసైన నిజం డ్రైవరే వచ్చాడనుకుని, డ్రైవరని పిలిపించి ఒంటెలు అప్పజెప్పారని ముత్యం ఎక్కడ ఫిర్యాదు చేస్తాడో అని ఆ రోజు నుంచీ బాబాకు ఒకటే భయం. మేక తొడలు అందుకు. తనిఖీలు మొదలయ్యాయని తెలిసి ట్రాక్టరు కొన్నది, వాళ్ళను పిలిచి నడిపించి చూపాలనుకున్నది కూడా అందుకే. దారి మీద ఇసుక నలభై ఏళ్ళుగా ఉంది. ఆయన కారు దాని మీదుగా తిన్నగానే పోతుంది.

"ఒక్క మాట నన్ను అడగవద్దా?" అన్నాడు బాబా.

"మీరు చెప్పొద్దా బాబా?" అన్నాడు ముత్యం.

ఇద్దరూ తలల్లోంచి ఇసుక దులుపుకున్నారు.

జడ్సన్ కొలువు పోలేదు. ట్రాక్టరు ఎంచింది ముత్యం, ముత్యాన్ని ఎంచింది నేను అని బాబా తప్పు తన మీదే వేసుకున్నాడు. ఫరీదుద్దీన్ మంచు మరను, విరిగిన పిన్నుతో సహా, వెనక్కి తీసుకుని, సణుక్కుంటూ బ్లేడు ఇచ్చాడు. దాన్ని తగిలించి దారిని గంటలో అద్దంలా తీసింది జడ్సన్. రాజోలులో వాళ్ళ నాన్నకు రెండు ట్రాక్టర్లున్నాయి. పదిహేనో ఏటి నుంచే నడుపుతున్నాడట. మరి చెప్పవేం సారూ అని ముత్యం అడిగితే, "నా కార్డు మీద క్లర్కని ఉంది కదండి" అన్నాడు.

కొత్త కార్డు చేతికొచ్చిన రోజు ముత్యం గౌరవ్వకు ఫోను చేశాడు. మొత్తం కథ చెప్పాడు. 

"సోమారం నాడు యేములాడకు పోయి కాయలు కొట్టు" అన్నాడు.

"కాయలా? ఎన్ని?"

"రెండు. అప్పుడు ట్రాక్టరు స్టార్టు కానందుకొకటి. ఇప్పుడు స్టార్టయినందుకొకటి."

"దుబాయ్ల ఎండ జర ఎక్కువున్నట్టుంది. నెత్తికి గుడ్డ కట్టుకో" అంది గౌరవ్వ.

అయినా సోమవారం పొద్దున్నే బస్సెక్కి పోయి, చెప్పినట్టే రెండు కాయలూ కొట్టింది. ఒకటి తెల్లగా పూవులా విచ్చుకుందని, ఒకటి లోపల కుళ్ళి ఉందని ఫోనులో చెప్పింది. కుళ్ళింది ఏ కాయో ముత్యం అడగలేదు.